భయపడటానికి అపాయింట్‌మెంట్

ఇరవై ఏళ్లకు పైగా నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి చివరిదాకా అర్థం కాలేదు. చుట్టాలెవరైనా అడిగితే "మా కోడలు గ్యాస్ కంపెనీలో చేస్తోంది" అని చెప్పేవారు. దిద్దబోయి మానుకున్నాను. నిజం చెబితే ఇంకా అధ్వాన్నంగా ఉండేది. నేను మనుషుల్ని ఫలానా మంగళవారం పదకొండున్నరకు రమ్మని పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, సంతకం పెట్టించుకుని, భయపెట్టేదాన్ని. భయపడితే మేమంతా సంతోషించేవాళ్లం. భయపడకపోతే మా డాక్టరుగారు మధ్యాహ్నం భోజనం చేసేవారు కాదు.

ఈ క్లినికల్ రీసెర్చ్‌లోకి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. మంచిదే. ఫైళ్లు ఎలా పెట్టాలో, ఎవరికి నమస్కారం పెడితే ప్రమోషన్ వస్తుందో చెప్పేవాళ్లు వాళ్లకు బోలెడుమంది దొరుకుతారు. నేను మాత్రం నేను చేసిన రెండు తప్పుల గురించి చెబుతాను. ఆ రెండూ ఒకే వారంలో, ఒకే కుటుంబం మీద చేశాను.

చెప్పుల దుకాణం మీద

మా నాన్న పంతొమ్మిది వందల యాభై ఆరులో బందరు నుంచి గుమాస్తాగా వచ్చి నాంపల్లిలో కిరాయి ఇంట్లో దిగాడు. నేను పుట్టింది అక్కడే. మాట మాత్రం ఇంట్లోదే మిగిలింది, అందుకే ఇప్పటికీ ఆటోవాళ్లు "మీది ఏ ఊరమ్మా" అని అడుగుతారు. నర్సుగా కొన్నాళ్లు చేసి, తర్వాత ఆబిడ్స్‌లో ఓ చెప్పుల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉన్న రీసెర్చ్ యూనిట్‌లో చేరాను. కిటికీ తీస్తే హారన్లు, మూస్తే తోలు వాసన. రెండింటిలో ఏది మేలో రోజూ పొద్దున్నే తేల్చుకునేవాళ్లం.

మా పెద్ద డాక్టరు సుధాకర్‌గారు. మానసిక వైద్యుడు. తెలివైనవాడు, ముక్కోపి, మనసు మంచిది. కారణం లేకుండా కలిగే భయం మీద పరిశోధన చేసే ఆ మహానుభావుడు ఏనాడూ లిఫ్ట్ ఎక్కలేదు. అడిగితే వ్యాయామం అనేవారు. దిగేటప్పుడు కూడా వ్యాయామమేనా అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే జీతాల సంతకం ఆయనదే.

మేం చూసింది పానిక్ జబ్బు. మనిషి మామూలుగా నడుస్తూనో, టీ తాగుతూనో ఉంటాడు. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, ఊపిరాడదు, చేతులు తిమ్మిరెక్కుతాయి, ఇక పోతున్నాను అనిపిస్తుంది. పావుగంటో ఇరవై నిమిషాలో అయ్యాక అదే తగ్గిపోతుంది. ఆసుపత్రికి పరిగెత్తితే ఈసీజీ శుభ్రంగా ఉంటుంది. డాక్టరు "ఏం లేదు" అంటాడు. ఏం లేకపోతే మరి నిన్న చచ్చింది ఎవరు అని ఆ మనిషికి అర్థం కాదు.

సుధాకర్‌గారు కొత్తవాళ్లకు ఇలా చెప్పేవారు: "ఊపిరి ఆడట్లేదని చెప్పడానికి అందరి మెదడులోనూ ఓ కాలింగ్‌బెల్ ఉంటది. గుమ్మంల ఎవరూ లేకున్నా అది మోగితే, అదీ ఈ జబ్బు." ఆ బెల్లు ఎంత నాజూకుగా ఉందో చూడటమే మా పరీక్ష. మనం వదిలే గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువ పాళ్లలో కలిపి ఒక సంచిలో నింపేవాళ్లం. ఇంకో సంచిలో మామూలు గాలి. మాస్కు పెట్టి, నిండుగా ఒక్క గుక్క పీల్చమనేవాళ్లం. ముందు ఏ సంచి ఇస్తున్నామో పీల్చేవాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు. తర్వాత సున్నా నుంచి వంద దాకా గీసిన గీత మీద, ఎంత భయం వేసిందో వాళ్లే పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. జబ్బున్నవాళ్లలో చాలామందికి ఆ గ్యాసుతో బెల్లు మోగుతుంది. మిగతావాళ్లకు కాస్త ఆయాసం వచ్చి పోతుంది. పక్కనే డాక్టరు, ఆక్సిజన్, అత్యవసర మందుల ట్రాలీ అన్నీ ఉండేవి. ప్రమాదం ఉండేది కాదు, ఉన్నదల్లా భయమే.

అంగీకార పత్రం ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఎవరో పండితుడి చేత మార్పించారు. అందులో ఒకచోట "సర్వనాశనం సమీపిస్తున్న అనుభూతి కలుగవచ్చును" అని ఉండేది. గౌలిగూడ నుంచి వచ్చిన ఒకావిడ అది చదివి, "గది మా ఇంట్ల రోజూ ఉంటది మేడం, సంతకం ఏడ పెట్టాలె" అంది.

ఏం కాదు

కిషన్ మా దగ్గరికి వచ్చేనాటికి అతని వయసు నలభై దాటింది. గౌలిగూడలో వాళ్లకు తాతల నాటి ఇనుప పెట్టెల దుకాణం ఉంది. ట్రంకు పెట్టెలు, తాళాలు, గొళ్లాలు. కింద దుకాణం, పైన ఇల్లు. అన్న నర్సింగ్‌రావు యజమాని, తమ్ముడు కిషన్ బేరం చేసేవాడు. రెండేళ్ల కిందట మొజంజాహీ మార్కెట్‌లో పిల్లలకు ఐస్‌క్రీం ఇప్పిస్తుంటే కిషన్‌కు మొదటిసారి వచ్చింది. అప్పటినుంచి బస్సు ఎక్కడు, మెట్రో ఎక్కడు, గుంపులో నిలబడడు. కొనేవాళ్లు నలుగురు కలిసి వస్తే బేరం సగంలో వదిలేసి పైకి వెళ్లి పడుకుంటాడు. అతని చేతిలో ప్లాస్టిక్ కవరు, ఆ కవరునిండా ఈసీజీలు. ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు.

నర్సింగ్‌రావు తెల్ల సఫారీలో వచ్చి బయట బెంచీ మీద కూర్చునేవాడు. లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. మొదటి రోజే నాతో తేల్చి చెప్పాడు.

"చూడుండ్రి మేడం, ఎన్ని దవాఖానలు తిరిగినమో లెక్క లేదు. అందరూ ఏం లేదనే అంటున్నరు. మీ మిషిన్ల రోగం కనవడితే సరే, వాణ్ని కూసోవెట్టి తిండి పెడత. కనవడకుంటే మాత్రం నాటకమే. ఆదివారం కొత్త పెట్టెల లోడు వస్తది. గది దించినంక వాడు, వాని పెండ్లాం పిల్లలు ఎల్లిపోవాలె. నాటకాలోనితోని నేను దుకాణం నడపలేను."

అంటే ఆ మంగళవారం కిషన్ పీల్చే ఒక్క గుక్కలో అతని ఇల్లూ దుకాణమూ ఉన్నాయి. భయం వేస్తే ఇంట్లో ఉంటాడు, వేయకపోతే రోడ్డున పడతాడు. ఇది పరిశోధన పత్రంలో ఎక్కడా రాయలేదు.

అతను కుర్చీలో కూర్చున్నాడు. మాస్కు పెట్టాను. అప్పుడు నేను చేసిన పని చెబుతాను. ఆ గదిలో నేను ఇంకో మాట కలపకుండా ఉన్నది ఉన్నట్టు చదవాల్సిన వాక్యం ఒకటే: "మీకు అసౌకర్యం కలగవచ్చు, కలగకపోవచ్చు." అది చదివాను. చదివాక అతని మొహం చూసి, అతని చెయ్యి పట్టుకుని, "ఏం కాదు నాయనా, నేనున్నాగా" అన్నాను.

మన దగ్గర జబ్బు మనిషి కనిపిస్తే నోట్లోంచి ముందు వచ్చే మాట అదే. కాలు విరిగినా ఏం కాదు, కళ్లు తేలేసినా ఏం కాదు. మా అమ్మ అనేది, వాళ్లమ్మ అనేది. నేను నర్సుగా ఎన్ని వేలసార్లు అన్నానో. అది తప్పు అవుతుందని నాకు తట్టనే లేదు.

కిషన్ మొదటి సంచి పీల్చాడు. ఏమీ లేదు. రెండోది పీల్చాడు. రెండు సార్లు దగ్గాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గీత మీద సున్నా పక్కనే గుర్తు పెట్టి, అయోమయంగా నా వంక చూశాడు.

"గింతేనా అమ్మా?"

"ఇంతే బాబూ."

"ఐస్‌క్రీం తింటుంటే గూడ దీనికన్న ఎక్కువొచ్చింది. ఇంకో గుక్క ఇయ్యుండ్రి. జర గట్టిగ కలపుండ్రి అమ్మా, నాకు రావాలె."

ఇవ్వకూడదని చెప్పాను. అతను తల దించుకుని ఏడ్చాడు. రోగం రానందుకు ఏడ్చిన రోగిని నా సర్వీసులో అతన్నొక్కణ్నే చూశాను.

ఎప్పుడూ పక్కగదిలో ఉండి, ఆరోజు మాత్రం మూలన కూర్చుని అంతా చూసిన సుధాకర్‌గారు నన్ను పక్కగదిలోకి పిలిచారు.

"సిస్టర్, ఆ చెయ్యి ఎవరిది?"

"నాదేనండి."

"నమ్మకమున్న మనిషి పక్కనుంటే ఆ బెల్లు మోగదు. నీ చెయ్యి పట్టుకున్నంక వానికి ఇంకేం భయమైతది? ఇన్ని నెలలసంది పేషెంట్లు ఎవరూ భయపడతలేరని నేను సిలిండర్లు మార్పిస్తున్న. సిలిండర్ల ఏం లోపం లేదు. లోపం నీ నోట్ల ఉన్నది."

బయట బెంచీ దగ్గర నర్సింగ్‌రావు తమ్ముడి భుజం తట్టి, "నేను జెప్పలే? మిషిన్ గూడ గదే జెప్పింది" అంటున్నాడు. ఈ పరీక్ష ఒక మనిషికి జబ్బు ఉందో లేదో తేల్చేది కాదని, పదిమంది లెక్క కలిపి చూసుకునేదని అతనికి వివరించాను. అతను విన్నాడు, విని, "మంచిది మేడం, రిపోర్టు ఇయ్యుండ్రి" అన్నాడు.

పెట్టెల వ్యాపారి ఆరోగ్యం

గురువారం రిపోర్టు కోసం ఇద్దరూ వచ్చారు. రోగులతో పోల్చి చూడటానికి ఆరోగ్యవంతులకు కూడా ఇదే పరీక్ష చేసేవాళ్లం. ఆరోజు రావాల్సిన ఆరోగ్యవంతుడు, ఒక డిగ్రీ విద్యార్థి, వాళ్లమ్మ వద్దందని ఫోన్ చేశాడు. ఆ వారంతో పరిశోధన ముగియాలి, ఒక్క ఆరోగ్యవంతుడు తక్కువ. సంచులు నింపి ఉన్నాయి. సుధాకర్‌గారు లోపల ఆ చివర నుంచి ఈ చివరకు వ్యాయామం చేస్తున్నారు.

బెంచీ మీద నర్సింగ్‌రావు తమ్ముడితో నలుగురూ వినేటట్టు అంటున్నాడు. "గాలి పీల్చనీకె గూడ ఏడుపేంది? నాకియ్యమను, నవ్వుకుంట పీలుస్త."

రోగికి రక్తసంబంధం ఉన్నవాళ్లను ఆరోగ్యవంతుల జాబితాలో చేర్చరాదు. ఎందుకంటే ఆ నాజూకు బెల్లు కుటుంబాల్లో నడుస్తుంది. జబ్బు బయటపడనివాళ్లకు కూడా లోపల అది ఉండవచ్చు. ఈ నియమం నాకు తెలియదని చెప్పలేను. ఆ పేజీ తెలుగులో టైప్ చేయించింది నేనే.

అయినా లేచి వెళ్లి, "నిజంగా పీలుస్తారా అండీ?" అన్నాను.

డాక్టరుగారు అతన్ని అంతకుముందు చూడలేదు. ఎవరని అడిగితే, "ఇనుప పెట్టెల వ్యాపారమండి, ఆరోగ్యంగా ఉన్నారు" అన్నాను. ఈసీజీ తీశాం, బీపీ చూశాం, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. అంగీకార పత్రం చదవమంటే చదవకుండా సంతకం పెట్టి, "భయం మా ఖాందాన్ల లేదు" అన్నాడు. నేను ప్రశ్నలు అడిగాను. మీ ఇంట్లో ఎవరికైనా భయానికి సంబంధించిన జబ్బు ఉందా?

"రోగం లేదు. నాటకం ఉన్నది."

నేను "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టాను.

నిజం చెబుతాను. ఆరోగ్యవంతుడు తక్కువయ్యాడని చేసింది కాదది. వీడికి ఒక్కసారి తెలిసిరావాలి అని చేశాను. పిల్లలూ, మాస్కు మీ చేతిలో ఉన్నప్పుడు అలాంటి ఆలోచన వస్తే, మాస్కు కింద పెట్టి వెళ్లి మొహం కడుక్కోండి. పద్ధతి తెలియక చేసిన తప్పు సర్దుకుంటుంది. కోపంతో చేసింది సర్దుకోదు.

ఈసారి ఏం కాదు అనలేదు. చెయ్యి పట్టుకోలేదు. రాసిన వాక్యం రాసినట్టు చదివాను.

మొదటి సంచి పీల్చి నవ్వాడు. "గిదేనా?" అన్నాడు. రెండో సంచి పీల్చాడు. నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది, కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. మాస్కు లాగి అవతల పారేశాడు. "గుండె" అన్నాడు. "తలుపు" అన్నాడు. ఆపేలోపే వేలికి నాడి చూసే క్లిప్పుతో, ఛాతీ మీద అంటించిన బిళ్లలతో, గుండీలు ఊడిన సఫారీతో మెట్ల మీద పరిగెత్తాడు.

రోడ్డు మీద

మెట్లు దిగడంలో సుధాకర్‌గారికి ఉన్న అనుభవం ఆరోజు ఉపయోగపడింది. మా అందరికంటే ముందు ఆయనే కింద ఉన్నారు. అయినా నర్సింగ్‌రావు అప్పటికే రోడ్డు దాటి, అవతల మూసి ఉన్న ఒక షట్టర్ ముందు కూలబడ్డాడు. నేను చేరేసరికి జనం మూగారు. ఒకాయన చెప్పుల డబ్బా మూతతో విసురుతున్నాడు. ఒకాయన సోడా కొట్టాడు. ఎవరో ఉల్లిగడ్డ వాసన చూపించమన్నారు. మూర్ఛ అనుకుని ఇంకెవరో చేతిలో ఇనుము పెట్టండి అంటే, నర్సింగ్‌రావు జేబులోంచే దుకాణం తాళంచెవుల గుత్తి తీసి అతని చేతిలోనే పెట్టారు. ఇద్దరు ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. డాక్టరుగారు "నేను డాక్టర్‌ను, జరుగుండ్రి" అంటే, "మీరు జరుగుండ్రి సార్, గాలి రావాలె" అని ఆయన్నే పక్కకు నెట్టారు.

"చస్తున్న" అన్నాడు నర్సింగ్‌రావు. "ఏం కాదు, ఏం కాదు" అన్నారు జనమంతా.

అప్పుడు కిషన్ వచ్చాడు. ఆ జనంలోంచే వచ్చాడు. అన్న పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అన్నా, ఇటు చూడు. ఇగ చేతులు తిమ్మిరెక్కుతయ్."

"ఎక్కుతున్నయ్ రా."

"ఎక్కనియ్. తర్వాత నోరెండుతది. అటెనుక నువ్వు నువ్వు కానట్లనిపిస్తది, ఈళ్లందరు దూరంగ కనవడతరు. పరేషాన్ గాకు, గది గూడ పోతది. లోపలికి గుంజకు. మెల్లగ ఇడువు. ఇంకా మెల్లగ."

అతను చెప్పినవి చెప్పిన వరసలోనే వచ్చాయి. రైలు ఏ స్టేషన్‌లో ఆగుతుందో తెలిసినవాడు పక్కన కూర్చున్నట్టు ఉంది. నర్సింగ్‌రావు తమ్ముడి నోటివంకే చూస్తున్నాడు. కాసేపటికి భుజాలు దిగాయి.

"నీకెట్ల ఎర్క?" అన్నాడు.

"రోజూ అయితది గద అన్నా."

"రోజూనా?"

"ఔ. ఒక్కోనాడు రెండుసార్లు."

నర్సింగ్‌రావు తాళంచెవులు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

నేనిప్పటికీ చెప్పేది ఇదే. ఏం కాదు అనకండి. ఏం అవుతుందో చెప్పండి, ఎప్పుడు పోతుందో చెప్పండి. ఇరవై ఏళ్ల సర్వీసులో నేను నేర్చుకోలేనిది నాకు ఒక పెట్టెల దుకాణం మనిషి నేల మీద కూర్చుని నేర్పాడు.

సుధాకర్‌గారు మాత్రం వేరే విషయం నేర్చుకున్నారు. "మీరు ఈయనకు ఏమైతరు?" అని కిషన్‌ను అడిగారు.

"తమ్ముణ్ని సార్. మంగళవారం పీల్చిన గద."

డాక్టరుగారు నావైపు తిరిగి, "సిస్టర్" అన్నారు. ఆయన అరవకపోవడం అదే మొదలు, నాకు ఇంటికెళ్లేసరికి జ్వరంతో ఒళ్లు కాలిపోయింది.

విచారణ

మా పరిశోధనల మంచిచెడ్డలు చూసే కమిటీ లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో కూర్చునేది. పెద్దమనుషులు ఐదుగురు, రాసుకోవడానికి ఒక గుమాస్తా. నేను చేసింది చేసినట్టు చెప్పాను. టిక్కు సంగతీ, కోపం సంగతీ. నర్సింగ్‌రావు ఫలితం కొట్టేశారు. ఆ పరిశోధన నుంచి నన్ను తీసేశారు. అసలు ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నది అతను ఫిర్యాదు చేస్తాడా లేదా అన్నదాని మీద ఆగింది.

దానికంటే ముందు వాళ్లకు ఒక ధర్మసందేహం వచ్చింది. జరిగిన సంఘటన ఊహించినదా, ఊహించనిదా అని ఫారంలో ఒక గడి ఉంది. భయం పుట్టించే పరిశోధనలో భయం పుట్టింది కాబట్టి ఊహించినదే అని ఇద్దరు. ఆరోగ్యవంతుడికి పుట్టింది కాబట్టి ఊహించనిదని ఇద్దరు. ఐదో ఆయన టీ చల్లారిపోతోందన్నాడు. చివరికి రెండు గడుల్లోనూ సగం సగం టిక్కు పెట్టారు.

నర్సింగ్‌రావును పిలిచారు. ఆ తెల్ల సఫారీతోనే వచ్చాడు. కిషన్ వెనక గోడ దగ్గర కూర్చున్నాడు.

"మీకు తెలియకుండా మీ మీద నియమాలకు విరుద్ధంగా పరీక్ష జరిగింది" అని చైర్మన్‌గారు చెప్పారు. "ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. ఏమైనా ఉందా?"

"ఉన్నది" అన్నాడు.

నేను చీర కొంగు వేలికి చుట్టుకున్నాను. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. గుమాస్తా కొత్త ఫారం తీశాడు.

"నా తమ్మునికి రెండేండ్లసంది గిట్ల అయితున్నది" అన్నాడు నర్సింగ్‌రావు. "నాకు ఒక్కసారికే పానం పోయినట్లయింది. వానికి రోజూ అయితుంటే నాకెవ్వరూ ఎందుకు జెప్పలే? ఇంతమంది డాక్టర్లున్నరు, ఇంట్ల ఇంతమంది ఉన్నరు. ఒక్కరు గూడ ఎందుకు జెప్పలే?"

గోడ దగ్గరనుంచి కిషన్ మెల్లగా అన్నాడు.

"నేను జెప్పిన గద అన్నా."

"ఎప్పుడు జెప్పినవ్ రా?"

"రోజూ జెప్పిన."

నర్సింగ్‌రావు ముందున్న కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. గుమాస్తాకు ఇంకా పది ఫారాలున్నట్టున్నాయి, కలం పట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఫిర్యాదు ఎవరి మీదనని రాయమంటరు సార్?"

"నర్సింగ్‌రావు అని రాయి."

"గది మీ పేరు సార్. ఫిర్యాదు ఇచ్చినోళ్ల పేరు పైన రాసిన. కింద, ఎవరి మీద ఇస్తున్నరో ఆ పేరు రాయాలె."

"ఔ," అన్నాడు నర్సింగ్‌రావు. "గాడ గూడ గదే పేరు రాయి."